తిని తొంగుంటేనే లావెక్కుతారా?

మా పిన్ని కొడుకు పైడిభీమవరం దగ్గర ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాడు. చేరేనాటికి 62 కిలోలు. ఎనిమిదేళ్లు తిరిగేసరికి 84. మొన్న సంక్రాంతికి ఊళ్లో అందరం కలిసినప్పుడు మా పెద్దమ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, "ఏట్రా, ఇలాగైపోనావు? తినీసి తొంగుంటే లావెక్కక ఏటవుతాది" అంది. అరుగు మీదున్నవాళ్లంతా నవ్వారు. వాడూ నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. అంతకు నెల ముందు శ్రీకాకుళంలో వాళ్లింట్లో వారం రోజులున్నాను. వాడు ఎప్పుడు తొంగుంటున్నాడో, ఎంతసేపు తొంగుంటున్నాడో నా కళ్లతో చూశాను.

ఆ వారం వాడిది బి షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే రాత్రి పదింటికి దిగడం. బస్సు డే అండ్ నైట్ కూడలిలో దింపేసరికి పదకొండు దాటేది. ఆ వేళకి ఇంట్లో అన్నం చల్లారిపోయి ఉంటుంది, పెళ్లాం పడుకుని ఉంటుంది. ఆవిణ్ణి లేపడం ఇష్టంలేక బండి దగ్గరే ఫ్రైడ్ రైసో, ఎగ్ నూడుల్సో తిని, ఒక టీ తాగి వచ్చేవాడు. ఎనిమిది గంటలు యంత్రాల హోరులో, తెల్లటి దీపాల కింద నిలబడ్డ మనిషికి ఇంటికి రాగానే నిద్ర పట్టదు. ఫోను చూస్తూ ఒంటిగంటన్నర చేసేవాడు. పొద్దున్న ఆరింటికి కుళాయి నీళ్లు, ఏడున్నరకి పాపని స్కూలు ఆటో ఎక్కించడం. మొత్తం కలిపితే నాలుగున్నర గంటలు. పై వారం సి షిఫ్టు, అంటే పగటి నిద్ర. వీధిలో కూరగాయల బండి అరుపులు, పక్కింటి మిక్సీ, తలుపు కొట్టే కొరియరు కుర్రాడు. ఆ పై వారం ఎ షిఫ్టు, తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు. మూడు వారాలకి మూడు రకాల రాత్రులు.

ఈ మనిషినా మనం తిని తొంగున్నవాడంటున్నాం?

మన జిల్లాల్లో లావుపాటి మనిషిని చూడగానే నోటికొచ్చే మాటలు రెండే: తిండిపోతు, నిద్రపోతు. ఆ రెండింటినీ జంట చేసి మాట్లాడటం తరతరాల అలవాటు. తిండి సంగతి కొంతవరకు నిజమే. నిద్ర విషయంలో మాత్రం గత పాతికేళ్ల పరిశోధన మన సామెతకి ఎదురుగా నిలబడింది. పెద్దవాళ్లలో బరువు పెరగడానికి తోడ్పడేది ఎక్కువసార్లు నిద్ర చాలకపోవడం, వేళకి పోకపోవడం. ఇది తెలియక బరువున్న మనిషిని బద్ధకస్తుడని తిడుతున్నాం. ఆ తిట్టు పడ్డవాడు ఇంకాస్త ముందు లేచి నడకకి వెళ్తున్నాడు, ఉన్న నిద్రలోంచే మరో గంట కోసుకుని.

ఆకలి మన చేతిలో ఉందనుకుంటాం. చాలావరకు అది రక్తంలో తిరిగే రెండు హార్మోన్ల చేతిలో ఉంది. ఒంటి కొవ్వులోంచి పుట్టే లెప్టిన్‌ని 1994లో కనిపెట్టారు. 'నిల్వలు బాగానే ఉన్నాయి, ఇక చాలు' అని మెదడుకి కబురు పెట్టేది అది. పొట్టలోంచి పుట్టే గ్రెలిన్ 1999లో బయటపడింది. 'కడుపు ఖాళీ, ఏదైనా పెట్టు' అనేది దీని కబురు. 2004లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని తీసుకుని, ఒకసారి రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు, మరోసారి రెండు రాత్రులు పదేసి గంటలు. నిద్ర తగ్గించినప్పుడు లెప్టిన్ 18 శాతం పడిపోయింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి ఎంత ఉందని అడిగితే పదిగంటల నిద్ర తర్వాత కంటే 24 శాతం ఎక్కువ చెప్పారు. అదీ తీపి, ఉప్పు చిరుతిళ్లు, పిండి పదార్థాల మీదకే మనసు పోయిందన్నారు. రెండంటే రెండు రాత్రులకే.

పన్నెండు మందితో ఏం తేలుతుందని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. ఆ తర్వాత జరిగిన ప్రయోగాలన్నిట్లోనూ ఈ రెండు హార్మోన్లూ ఒకేలా ప్రవర్తించలేదు కూడా. అయినా ఒక్క విషయం మాత్రం మళ్లీ మళ్లీ తేలింది: నిద్ర తగ్గించిన మనుషులు ఎక్కువ తింటారు. అలాంటి ప్రయోగాలను కలిపి 2017లో లెక్కవేస్తే రోజుకి సగటున 385 కేలరీలు అదనం అని వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు 300 గ్రాముల ఉడికిన అన్నం. రోజూ ఆకలేసి తిన్న భోజనం మీద ఇంకో పెద్ద ముద్ద అన్నమాట.

దీనికి మెదడు తోడవుతుంది. 2013లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 23 మందిని ఒక రాత్రంతా మేలుకోబెట్టి, మర్నాడు తిండి బొమ్మలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేశారు. మంచిచెడ్డలు తూచే ముందు భాగం మందగించింది, కోరికకి సంబంధించిన లోపలి భాగం చురుకైంది. వాళ్లు కోరుకున్న తిండి కూడా ఎక్కువ కేలరీలున్నదే. మా తమ్ముడు రాత్రి పదకొండింటికి బండి దగ్గర నిలబడటాన్ని నిగ్రహం లేకపోవడమని నేను ఇక అనలేను. నిగ్రహం చూపించాల్సిన భాగమే ఆ వేళకి అలిసిపోయి ఉంది. పైగా ఆ వేళకి తెరిచి ఉండే కొట్లో దొరికేదీ అదే. రాత్రి పన్నెండింటికి జాతీయ రహదారి పక్కన మజ్జిగన్నం, తోటకూర పప్పు వడ్డించే కొట్టు నేనైతే ఎక్కడా చూడలేదు.

మేలుకుని ఉంటే ఒళ్లు ఎక్కువ ఖర్చవుతుంది కదా, లెక్క సరిపోదా అని నాకూ అనుమానం వచ్చింది. 2013లోనే కొలరాడోలో ఈ సంగతి తూచి చూశారు. 16 మందిని ఐదు రాత్రులు ఐదేసి గంటలు పడుకోనిస్తే శక్తి ఖర్చు 5 శాతం దాకా పెరిగింది. కానీ తిండి అంతకుమించి పెరిగింది, ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాతి చిరుతిళ్లు. ఆ కొద్ది రోజుల్లోనే 800 గ్రాములకి పైగా బరువు పెరిగారు. 2022లో మేయో క్లినిక్ వాళ్లు మరో మెట్టు లోపలికి వెళ్లారు. 12 మందిని రెండు వారాలు రోజుకి నాలుగు గంటలే పడుకోనిచ్చి, పొట్టలో కొవ్వుని స్కాన్‌లో కొలిచారు. బరువు చూస్తే అర కిలోనే పెరిగింది. లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు మాత్రం 11 శాతం పెరిగింది. తర్వాత మళ్లీ నిండుగా నిద్రపోనిచ్చిన కొద్ది రోజుల్లోనూ ఆ కొవ్వు తగ్గలేదు.

ఈ పొట్ట సంగతి మనకి మరీ ముఖ్యం. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన పొట్ట మన దగ్గర ఏ బస్టాండులో చూసినా కనిపించే ఆకారం. అందుకే భారతీయులకి హద్దులు కిందికి దించారు. ఎత్తుకి తగ్గ బరువు సూచీ (బీఎంఐ) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 25నే హద్దుగా తీసుకుంది. ఆ లెక్కన చూసినా ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం అధిక బరువులో ఉన్నారు. దేశ సగటు ఆడవాళ్లలో 24, మగవాళ్లలో 22.9.

బరువు తగ్గాలనుకునేవాళ్లు మన ఊళ్లలో చేసే మొదటి పని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలు తినడం. తర్వాత చోడి (రాగి) అంబలి, ఓట్సు. నాకు వాటి మీద ఏ కోపమూ లేదు, చోడి అంబలి తాగి పెరిగినవాణ్ణే. కానీ 2010లో షికాగోలోనే జరిగిన ఒక చిన్న ప్రయోగం చూశాక పుల్కాల లెక్క పక్కన గంటల లెక్క కూడా పెట్టుకోవాలనిపించింది. అధిక బరువున్న 10 మందికి రెండు వారాలు తిండి తగ్గించారు. ఒక విడత రాత్రికి ఎనిమిదిన్నర గంటలు మంచం మీద, మరో విడత ఐదున్నర గంటలు. రెండు విడతల్లోనూ తగ్గిన బరువు ఇంచుమించు ఒకటే, మూడు కిలోలు. తేడా ఏమిటంటే నిండుగా నిద్రపోయినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, నిద్ర చాలనప్పుడు 0.6 కిలోలే. మిగిలిందంతా కండ, ఇతర కొవ్వు లేని కణజాలం. అంటే కడుపు మాడ్చుకుని కరిగించుకున్నది కండని. తూకం చూసి సంబరపడ్డ మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఆర్నెల్లకి బరువు తిరిగొచ్చినప్పుడు మాత్రం 'నోరు కట్టుకోలేకపోయావు' అంటారు.

ఇక్కడ మా పెద్దమ్మ ఊరుకోదని తెలుసు. "మేం మాత్రం తొంగున్నామేటి? కోడికూతకి లేచేవోళ్లం" అంటుంది. ఆ మాటని తేలిగ్గా తోసెయ్యలేం. 2015లో టాంజానియా, నమీబియా, బొలీవియా దేశాల్లో కరెంటు లేని మూడు తెగల నిద్రని పరిశోధకులు చేతికి పట్టీలు కట్టి కొలిచారు. వాళ్లు నిద్రపోయేది రాత్రికి 5.7 నుంచి 7.1 గంటలే. వాళ్లలో ఊబకాయం కనిపించదు. మరి తక్కువ నిద్రే కారణమైతే వాళ్లెందుకు లావెక్కలేదు?

నాకు తోచిన జవాబు ఆ అధ్యయనంలోనే ఉంది. వాళ్లు పొద్దు గూకిన సుమారు మూడు గంటలకి పడుకుంటారు, చాలావరకు తెల్లారకముందే లేస్తారు. రోజూ అదే వేళ. పగలంతా ఒళ్లు వంచి పని. మా పెద్దమ్మ బతుకూ అంతే. ఉభాల కాలంలో మోకాలి లోతు బురదలో నడుం వంచి నాట్లేసి, పొద్దు గూకగానే కూడు తిని, ఎనిమిదింటికల్లా వాకిట్లో మంచం వాల్చేది. నాలుగింటికి లేచినా అప్పటికి ఎనిమిది గంటలు పక్క మీద ఉన్నట్టే. జాగారమంటే ఏడాదికోసారి శివరాత్రికి, పైడితల్లమ్మ పండగకి విజయనగరం వెళ్తే తొలేళ్ల రాత్రి. మిగతా రాత్రులన్నీ ఒకే రకం. మన తరం నాలుగింటికి లేవడం అనే సగాన్నే ఆమె నుంచి తీసుకుంది. ఎనిమిదింటికి పడుకోవడమనే సగాన్ని వదిలేసింది.

వేళ అన్నది గంటలంత ముఖ్యమే. ఒంట్లో ప్రతి అవయవానికీ ఒక గడియారముంది. దాని లోపలి యంత్రాంగాన్ని విప్పి చూపిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ వచ్చింది. ఆ గడియారం ప్రకారం రాత్రి కాలేయం, క్లోమం విశ్రాంతికి సిద్ధమవుతాయి. ఒకే భోజనం పొద్దున్న తిన్నప్పటి కంటే రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది. 2022లో బోస్టన్‌లో 16 మందికి ఒకే తిండిని ఒకసారి మామూలు వేళల్లో, మరోసారి నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టి చూశారు. ఆలస్యంగా తిన్న రోజుల్లో ఆకలి ఎక్కువైంది, మేలుకుని ఉన్నప్పటి శక్తి ఖర్చు తగ్గింది, కొవ్వు దాచుకునే వైపు కణాలు మొగ్గాయి. తిండి ఒకటే, కేలరీలు ఒకటే. పదకొండింటి ఫ్రైడ్ రైసుని మధ్యాహ్నం ఒంటిగంటకి తిని ఉంటే మా తమ్ముడి ఒళ్లు దాన్ని మరోలా చూసుకునేది.

కాబట్టి అందరూ పదింటికి పడుకోండి అని చెప్పేస్తే సరిపోతుందా? నిద్ర మీద వచ్చే వ్యాసాలు సాధారణంగా అక్కడితో ముగుస్తాయి. ఫోను పక్కన పెట్టండి, గది చీకటిగా చల్లగా ఉంచుకోండి అంటాయి. చల్లగా ఉంచుకోవడానికి ఎవరికి ఏ గది ఉందో చూడాలి కదా. నిద్రలోకి జారడానికి ఒంటి లోపలి వేడి ఒక డిగ్రీ దాకా దిగాలి. వెనకటి పెంకుటింట్లో, అరుగు మీద, వాకిట్లో నులక మంచం మీద అది దానంతటదే జరిగేది. సముద్రం గాలి సాయంత్రానికి ఊళ్లోకి వచ్చేది. ఇప్పుడు ఊళ్లలో కూడా అరుగులు గదుల్లో కలిసిపోయాయి. శ్లాబు ఇల్లు పగలంతా ఎండ తాగి రాత్రి మన మీద కక్కుతుంది. వైశాఖం, జ్యేష్ఠంలో కళింగపట్నం నుంచి ఆమదాలవలస దాకా ఆ ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పరుపు తడుస్తూనే ఉంటుంది. డాబా మీదకి వెళ్దామంటే దోమలు. 68 దేశాల్లో 47 వేల మంది చేతి పట్టీల లెక్కలు తీసి 2022లో ఒక అధ్యయనం వచ్చింది. రాత్రి వేడి 30 డిగ్రీలు దాటితే సగటున 14 నిమిషాల నిద్ర పోతుందని, పేద దేశాల్లో ఈ నష్టం మరింత ఎక్కువని తేల్చింది. ఆ నిమిషాలు ప్రతి వేసవి రాత్రీ పోతున్నాయి. ఏసీ ఉన్నవాడికి పోవు.

దీనికి మనకి బాగా దగ్గరి సాక్ష్యం చెన్నైలో ఉంది. 2021లో వెలువడిన ఆ అధ్యయనంలో 452 మంది చిన్న ఆదాయాల వాళ్లు పాల్గొన్నారు. రాత్రి దాదాపు ఎనిమిది గంటలు పక్క మీద ఉంటున్నారు, నిద్రపోయేది మాత్రం ఐదున్నర గంటలే. మిగతాదంతా వేడి, రొద, దోమలు, మధ్యమధ్య మెలకువలు. వాళ్లలో కొందరికి చెవి బిరడాలు, కళ్లకి పట్టీలు, ఫ్యాన్లు ఇచ్చారు, సలహాలు చెప్పారు, ఇంకొందరికి వాటితో పాటు ఎక్కువ నిద్రపోతే డబ్బు కూడా ఇచ్చారు. నిద్ర 27 నిమిషాలు పెరిగింది. అయినా పనిలో, ఆలోచనలో, మనసు నెమ్మదిలో తేడా కనబడలేదు. పనిచోట మధ్యాహ్నం ఓ అరగంట కునుకు తీయనిచ్చినవాళ్లలో మాత్రం మెరుగు కనిపించింది. అది బరువు మీద చేసిన అధ్యయనం కాదు. అయినా దాన్ని చదివాక నాకు ఒకటి తెలిసొచ్చింది. ముక్కలు ముక్కలైన నిద్రని పొడవు పెంచితే నిండు నిద్ర అవదు. ఎన్ని గంటలు పడుకుంటున్నారని అడిగి ఊరుకుంటే మనకి తప్పుడు జవాబే వస్తుంది. చింతచెట్టు కింద తువ్వాలు పరుచుకుని కూలీలు తీసే మధ్యాహ్నపు కునుకుని బద్ధకమనే మేస్త్రీలు ఈ ఒక్క ఫలితమైనా వింటే బాగుండు.

నిద్ర పెంచితే తిండి తగ్గుతుందా అన్నదానికి ఆశ కలిగించే జవాబు కూడా ఉంది. 2022లో షికాగోలో రోజూ ఆరున్నర గంటల కంటే తక్కువ పడుకునే 80 మంది అధిక బరువువాళ్లను తీసుకుని, వాళ్లలో సగం మందికి ఒక్కసారి కూర్చోబెట్టి నిద్ర అలవాట్ల మీద సలహా ఇచ్చారు. ఎవరిళ్లలో వాళ్లే ఉన్నారు. తిండి గురించి ఒక్క మాటా చెప్పలేదు. సలహా అందనివాళ్లతో పోలిస్తే రెండు వారాల్లో వీళ్ల నిద్ర గంటా పది నిమిషాల పైన పెరిగింది, తిండి రోజుకి 270 కేలరీలు తగ్గింది. అది సుమారు 200 గ్రాముల అన్నం. ఎవరూ నోరు కట్టుకోకుండానే తగ్గింది. వాళ్ల ఇళ్లూ మన ఇళ్లూ ఒకటి కావు, వాళ్ల కొలువులూ మన కొలువులూ ఒకటి కావు. రెండు వారాలు రెండేళ్లూ కావు. నిద్రపోతే చాలు, బరువు దిగిపోతుందని నేను అనడం లేదు. తొమ్మిది పది గంటలు పడుకునేవాళ్లలో కూడా బరువు, జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ చాలాసార్లు అతినిద్ర వెనక దిగులో, మరేదో రోగమో దాగుంటుంది. తిండి, నడక స్థానం వాటిదే. వాటి పక్కన నిద్రకి పీట వేయమనే నా గొడవంతా.

ఆ పీట వేయాల్సినవాళ్లలో మొదటివాళ్లు కర్మాగారాల యజమానులు. షిఫ్టులు లేకుండా పరిశ్రమ నడవదని నాకు తెలుసు. పైడిభీమవరం మందుల కంపెనీలైనా, నెల్లిమర్ల వైపు జనపనార మిల్లులైనా, గరివిడి వైపు కొలుములైనా రాత్రి ఆగేవి కావు. షిఫ్టు ఎలా తిప్పుతారన్నది మాత్రం మనుషుల చేతిలోదే. 1982లో అమెరికాలోని యూటాలో ఒక ఖనిజ కర్మాగారంలో ఇది చేసి చూపించారు. అక్కడ వారానికోసారి వెనక్కి తిప్పే పద్ధతి ఉండేది, రాత్రి నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి పొద్దుటికి. దాన్ని ముందుకి తిప్పారు, పొద్దుటి నుంచి సాయంత్రానికి, ఆపైన రాత్రికి. వారానికి బదులు మూడు వారాలకోసారి మార్చారు. కార్మికుల ఆరోగ్యం మెరుగైంది, ఉత్పత్తి కూడా పెరిగింది. కారణం తేలికే. మన లోపలి గడియారానికి రోజుని కాస్త సాగదీయడం సులువు, కుదించడం కష్టం. మా తమ్ముడి రోస్టరు చూస్తే బి తర్వాత సి, సి తర్వాత ఎ, వారం వారం. దిక్కు సరైనదే, వేగమే ఎక్కువ. ఒళ్లు ఒక వేళకి అలవాటు పడబోయేసరికి ఇంకో వేళకి లాగుతున్నారు. ఆ కాగితం మీద మూడు గళ్లు మార్చడానికి ఏ ఖర్చూ లేదు. కార్మిక సంఘాలు జీతం, బోనసు అడిగినంత గట్టిగా రోస్టరు గురించి అడగడం నేనింతవరకు వినలేదు, అడగాలని మనసారా కోరుతున్నాను. రాత్రి క్యాంటీన్లో నూనె సరుకుకి బదులు వేడి పప్పన్నం పెట్టమని కూడా అడగొచ్చు.

ఆడవాళ్ల నిద్రకైతే రోస్టరు కూడా లేదు. మా మరదలు, అంటే ఆ తమ్ముడి భార్య, ఎ షిఫ్టు వారంలో మూడున్నరకి లేచి క్యారేజీ కడుతుంది, బి షిఫ్టు వారంలో ఆయన వచ్చిన అలికిడికి లేస్తుంది, సి షిఫ్టు వారంలో పగలు పాపని అరవకుండా పట్టుకుంటుంది. కంపెనీ మస్టర్‌లో పేరు ఒకరిదే, షిఫ్టులు ఇద్దరివీ. అమెరికాలో 68 వేల మంది నర్సులను 16 ఏళ్లు గమనించిన అధ్యయనంలో, రాత్రికి ఐదు గంటలో అంతకంటే తక్కువో పడుకునే ఆడవాళ్లు ఏడు గంటలు పడుకునేవాళ్ల కంటే ఒక కిలో పైన ఎక్కువ పెరిగారు. 15 కిలోలు అంతకుమించి పెరిగే అవకాశం వాళ్లలో మూడో వంతు దాకా ఎక్కువ. మన రాష్ట్రంలో మగవాళ్ల కంటే ఆడవాళ్లలో అధిక బరువు ఎక్కువగా ఉందని పైన చెప్పాను. దానికి కారణాలు అనేకం, కాన్పులు, పనులు మారడం, తినే తీరు. ఇంట్లో చివర పడుకుని మొదట లేచే మనిషి ఎవరన్నది కూడా ఆ లెక్కలో ఉండాలి.

ఇక గురక. మన దగ్గర గుర్రు పెట్టి నిద్రపోతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నాడని అర్థం. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు నిద్ర విషయంలో లేదు. పెద్దగా గురక పెట్టి, మధ్యలో కొన్ని క్షణాలు ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ గురక అందుకుంటున్నాడంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గొంతు దగ్గర కొవ్వు పేరుకుని, నిద్రలో కండరాలు వదులవగానే గాలి దారి మూసుకుపోతుంది. ప్రాణవాయువు తగ్గగానే మెదడు లేపుతుంది. రాత్రికి పదులసార్లు, తీవ్రమైతే వందలసార్లు. ఆ మనిషికి తాను లేచినట్టే తెలియదు. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున్న తల బరువు, పగలు కూర్చున్నచోటే కునుకు. అలసటకి నడక మానేస్తాడు, తీపి మీదకి పోతాడు, బరువు పెరుగుతుంది, గొంతు ఇంకా ఇరుకవుతుంది. బరువు 10 శాతం పెరిగితే ఈ ఊపిరి ఆగడాలు 32 శాతం పెరుగుతాయని, 10 శాతం తగ్గితే 26 శాతం తగ్గుతాయని 2000లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో లెక్క తేలింది. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా రాత్రుళ్లు లారీ నడిపేవాళ్లలో ఇది ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. తిని తొంగున్నాడని మనం నవ్వే మనుషుల్లో కొందరు అసలు నిద్రేపోని రోగులు. వాళ్లని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లాల్సింది పోయి ఆటపట్టిస్తున్నాం. పరీక్ష ఉంది, ముక్కుకి తొడిగితే గాలి ఊది గొంతు దారి మూసుకుపోకుండా చూసే సీపాప్ యంత్రముంది. అమెరికాలో 2024 డిసెంబరులో బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌కి ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్లకి కూడా అనుమతి ఇచ్చారు.

ఇవన్నీ పెద్దాసుపత్రి దాకా వెళ్లాకే తెలియనక్కర్లేదు. 30 ఏళ్లు దాటినవాళ్ల దగ్గరకి ఆశా కార్యకర్త వచ్చి బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పు అంచనా వేసే ఒక పత్రం నింపుతుంది. మార్కులు వేసే భాగంలో ఆరు ప్రశ్నలున్నాయి: వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అని. నాలుగు మార్కులు దాటితే వాళ్లని ముందుగా పరీక్షకి పిలుస్తారు. ఆ ఆరింటిలో నిద్ర లేదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మరో మూడు ప్రశ్నలు చేర్చవచ్చు. రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది? పనివేళలు వారం వారం మారతాయా? గురక పెడతారని, ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పారా? మూడో ప్రశ్న భార్యనో భర్తనో అడగాలి. ఇది జిల్లా స్థాయిలోనే మొదలుపెట్టొచ్చని నా నమ్మకం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల కోసం ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పరీక్షించిన జిల్లా ఇది.

కిందటి నెల ఊరెళ్లినప్పుడు మా వీధి ఆశా కార్యకర్తకి ఈ మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసి చూపించాను. ఆవిడ చదువుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రాత్రి ఒంటిగంటకి నొప్పులని ఫోనొస్తే లేచెళ్లాను బాబూ, మళ్లీ తొంగోనేదు. తెల్లారి ఆరింటికి సర్వే. ముందల నా కాయితం నింపండి" అని పెన్ను నా చేతికిచ్చింది. నింపాను. నిద్ర ఐదు గంటల లోపు, పనివేళలకి వేళంటూ లేదు, నడుము 94.